తల్లి ఎందుకు ఆలస్యం చేసింది?

"ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావమ్మా? ఇప్పుడా తీసుకొచ్చేది?" ప్రభుత్వాసుపత్రి పిల్లల వార్డులో ఈ మాట పడని తల్లి ఉండదేమో. పక్కన తండ్రి నిలబడి ఉన్నా, ఓపీ చీటీ అతని చేతిలోనే ఉన్నా, మాట మాత్రం బిడ్డను భుజాన వేసుకున్న మనిషికే తగులుతుంది. ఆమె జవాబు చెప్పదు. చెప్పాలంటే చాలా చెప్పాలి. కూలి డబ్బులు శనివారం గానీ చేతికి రావని, అత్తగారు తాయెత్తు కట్టించి మూడు రోజులు చూద్దామందని, ఊళ్ళో ఆర్.ఎం.పి. రెండు సూదులు వేశాడని, ఇంటి దగ్గర ఇంకో పిల్ల ఉందని, బస్సు పొద్దున ఒకటే ఉందని. అంత వినే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. అందుకని తల దించుకుంటుంది. ఆ తల దించుకోవడమే నేరం ఒప్పుకోవడంగా నమోదవుతుంది.

ఈ ప్రశ్నకు రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. ప్రజారోగ్య పరిశోధకులు దీన్ని "తల్లుల వైద్యాన్వేషణ ప్రవర్తనను ప్రభావితం చేసే అంశాలు" అని గంభీరంగా పిలుస్తారు. చదువు, ఆదాయం, దూరం, కులం, నిర్ణయాధికారం అని పట్టికలు గీస్తారు. పట్టికలు అబద్ధం చెబుతున్నాయని నేననను. కానీ పట్టికలో ప్రతి గడీ తల్లి వైపే చూస్తుంది. ఆమెలో ఏం లోపించింది అని వెతుకుతుంది. ఆసుపత్రి ఆమెను ఇదివరకు ఎలా చూసింది, సర్కారు ఆమె గడప ఎందుకు తొక్కింది అనే గడులు అందులో తక్కువ. మన తెలుగు నేల మీద ఆ గడుల్ని కొంతవరకైనా నింపి చూడాలనిపించింది.

మొదలుపెట్టాల్సింది మశూచి దగ్గర్నుంచి.

మశూచి వస్తే మన ఊళ్ళలో "జబ్బు చేసింది" అనేవారు కాదు, "అమ్మవారు పోసింది" అనేవారు. పోలేరమ్మ, ముత్యాలమ్మ, అంకమ్మ. ఒక్కో ఊరికీ ఒక్కో తల్లి. 1916లో మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ దక్షిణాది గ్రామదేవతల మీద రాసిన పుస్తకంలో తెలుగు ఊళ్ళ కొలుపుల వివరాలు ఎన్నో ఉన్నాయి. చదువుకున్నవాళ్ళు దీన్నంతా మూఢనమ్మకం అని కొట్టిపారేశారు. ఒకసారి ఆ ఇంటి లోపలికి వెళ్ళి చూద్దాం. గుమ్మానికి వేపమండలు కట్టారు. బయటివాళ్ళు లోపలికి రారు. పొయ్యి మీద తాలింపు ఘాటు ఉండదు. బిడ్డకు మజ్జిగ, అంబలి, చల్లదనం. వేపాకు పరిచిన పడక. తల్లి పగలూ రాత్రీ పక్కనే. మశూచి భూమ్మీద నుంచి పోయేవరకూ దానికి నయం చేసే మందు ఏ డాక్టరు దగ్గరా లేదన్నది మర్చిపోకూడదు. వచ్చాక చేయగలిగింది సేవే. ఆ సేవ ఇంట్లో జరిగేది. అప్పుడు బిడ్డను ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్ళాలి?

రాకముందు చేయగలిగింది టీకా. అది మన దేశానికి 1802 జూన్‌లో బొంబాయికి చేరింది. మూడేళ్ళ పసిపిల్ల ఆనా డస్టాల్ చేతి మీద మొదట పట్టింది. ఆ పిల్ల చేతి పొక్కులోంచి తీసిన రసమే ఇతర పిల్లలకు, వాళ్ళనుంచి ఇంకొందరికి, అలా మద్రాసు దాకా, ఇంకా పైకీ పాకింది. పాఠ్యపుస్తకాలు దీన్ని విజ్ఞాన విజయంగా చెబుతాయి, నిజమే కూడా. అయితే ఆ విజయం పిల్లల చేతుల మీదుగా నడిచిందన్న సంగతి మీద ఎవరూ ఎక్కువసేపు నిలబడరు. పంతొమ్మిదో శతాబ్దంలో చాలాకాలం టీకా అంటే చేతి నుంచి చేతికే. టీకా వేయించుకున్న బిడ్డను ఎనిమిదో రోజున మళ్ళీ తీసుకురావాలి. పొంగి, ఎర్రబారి, ముట్టుకుంటే కేకపెట్టే ఆ పొక్కును పొడిచి రసం తీసి వరసలో కూర్చున్న మిగతా పిల్లలకు ఎక్కిస్తారు. తన బిడ్డ జ్వరంతో మూలుగుతుంటే ఆ పుండును మళ్ళీ గెలకడానికి ఏ తల్లి ఒప్పుకుంటుంది? అందుకే టీకాల గుమాస్తా ఊళ్ళోకి వచ్చాడంటే పిల్లల్ని అటకల మీద, గాదెల వెనక దాచారు. ఇంకొకరి ఒంట్లో రసం తమ బిడ్డలోకి వెళ్తుందన్న భయంలో కులం ఉంది, కాదనను. కానీ ఆ భయంలో ఒట్టి కులమే లేదు. అలా చేతి నుంచి చేతికి టీకా వేయడంతో సవాయి రోగం పాకిన సంఘటనలు యూరప్‌లోనే జరిగాయి. 1861లో ఇటలీలోని రివాల్టాలో పదుల మంది పిల్లలకు అలా అంటింది.

ఇంగ్లాండులో ఏం జరిగిందో పక్కన పెట్టి చూస్తే కథ ఇంకా స్పష్టమవుతుంది. అక్కడ 1853లో పసిపిల్లల టీకా తప్పనిసరి చేశారు. పేద తల్లిదండ్రులు తిరగబడ్డారు. జరిమానాలు కట్టారు, జైలుకు పోయారు. 1885లో లీసెస్టర్‌లో వేలాది మంది వీధుల్లోకి వచ్చారు. చివరికి 1898లో అక్కడి చట్టం అంతరాత్మ ఒప్పుకోనివాళ్ళకు మినహాయింపు ఇచ్చింది, చేతి నుంచి చేతికి వేసే పద్ధతినీ ఆపేసింది. అదే పని మన ఊళ్ళో తల్లి చేస్తే అంతరాత్మ అనలేదు. అజ్ఞానం అన్నారు. 1880 టీకాల చట్టంతో పురపాలక సంఘాలకు టీకాను తప్పనిసరి చేసే అధికారం వచ్చింది. మినహాయింపు మాత్రం రాలేదు. మద్రాసు గిండీలోని కింగ్ సంస్థలో దూడల మీద పెంచిన టీకా రసం తయారై జిల్లాలకు అందుతూ వచ్చాక పిల్లల చేతుల్ని పొడవాల్సిన అవసరం క్రమంగా తగ్గింది. భయానికి మూలమైన పద్ధతి మారడానికి అంతకాలం పట్టింది. తల్లి మారలేదని మాత్రం అన్నేళ్ళూ రిపోర్టులు రాశారు.

ఇదే కథకు ఇంకో కొస 1955లో ఉంది. క్షయకు బి.సి.జి. టీకా మన దేశంలో 1948లో మొదలైంది. మన మదనపల్లెలోనూ ఆ తొలి ప్రయత్నాలు జరిగాయి. అంత పెద్దమనిషి రాజాజీ ఆ టీకాను తానెందుకు వ్యతిరేకిస్తున్నాడో 1955లో పుస్తకమే వేశాడు. పత్రికలు దాన్ని వాదోపవాదంగా అచ్చువేశాయి. ఆయన అభిప్రాయం శాస్త్రం ముందు నిలబడలేదు. అయినా ఆయన్ని ఎవరూ నిరక్షరాస్యుడనలేదు. ఒకే సందేహం మగవాడి కలం నుంచి వస్తే అభిప్రాయం, తల్లి కొంగు చాటు నుంచి వస్తే మౌఢ్యం.

ఇక "అజ్ఞాని తల్లి" అనే బొమ్మ తెలుగులో ఎలా తయారైందో చూద్దాం. ఇది తెల్లవాళ్ళు మాత్రమే గీసింది కాదు. సంస్కర్తలూ గీశారు, మన తొలితరం రచయిత్రులూ గీశారు. కందుకూరి వీరేశలింగం 1883లో స్త్రీల కోసం 'సతీహితబోధిని' మొదలుపెట్టింది మొదలు, స్త్రీల పత్రికల్లో శిశుసంరక్షణ వ్యాసం లేని ఏడు దాదాపు ఉండదు. బిడ్డకు పాలెప్పుడివ్వాలి, నీళ్ళెలా పోయాలి, మంత్రసానిని ఎందుకు నమ్మకూడదు. ఆ వ్యాసాల్లో చదువుకున్న తల్లి ఒకవైపు, పాతకాలపు ముసలమ్మ ఒకవైపు నిలబడతారు. ముసలమ్మ ఎప్పుడూ ఓడిపోతుంది. 1927లో కేథరిన్ మేయో 'మదర్ ఇండియా' రాసి మంత్రసానిని, మురికి పురిటిగదిని లోకానికి చూపించాక మన జాతీయవాదులకు పౌరుషం వచ్చింది. ఆ పౌరుషం కూడా చివరికి వచ్చి వాలింది తల్లి నెత్తి మీదే. దేశం పరువు నిలబెట్టాలంటే నువ్వు బిడ్డను శాస్త్రీయంగా పెంచాలి అన్నారు. 1920లలో ఊరూరా శిశువారోత్సవాలు జరిపి బొద్దు పిల్లలకు బహుమతులిచ్చారు. ఎండిన పిల్ల తల్లి ఆ పందిట్లో ఎక్కడ నిలబడిందో ఎవరూ రాయలేదు.

ఆ కాలపు పత్రికలు తిరగేస్తుంటే నాకు భలే ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. 1928లో మద్రాసు నుంచి వచ్చిన 'గృహలక్ష్మి'ని స్థాపించింది కె.ఎన్. కేసరి. ఆయన ఆయుర్వేద వైద్యుడు. స్త్రీల గర్భాశయ వ్యాధులకు 'లోధ్ర' అనే మందు అమ్మి సంపాదించినవాడు. ఆ సంపాదనతో రచయిత్రులకు స్వర్ణకంకణం తొడిగాడు. మన సాహిత్య చరిత్రకు, మందు సీసాకు ఇంత దగ్గరి చుట్టరికం ఉందని మనం తరగతుల్లో చెప్పుకోం. చదువుకున్న తల్లి తన ఒంటి గురించి, బిడ్డ ఒంటి గురించి మగ డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా పత్రిక ద్వారా, పోస్టులో వచ్చే సీసా ద్వారా వైద్యం వెతుక్కుందని దీనర్థం. ఆసుపత్రికి వెళ్ళడానికి ఘోషా అడ్డం, కులం అడ్డం, మర్యాద అడ్డం. పోస్టుమాన్‌కు అవేవీ అడ్డం కావు.

ఆ అడ్డాల్ని దాటడానికి ఆసుపత్రి ఏం చేసింది? అడ్డాల్నే పేరుగా పెట్టుకుంది. 1885లో మద్రాసులో స్త్రీల కోసం పెట్టిన విక్టోరియా ఆసుపత్రి బోర్డు మీద "కులస్త్రీలకు, ఘోషా స్త్రీలకు" అనే అర్థం వచ్చే మాటలే ఉండేవి. మన విశాఖపట్నంలో ఇప్పటికీ జనం నోట అది "ఘోషాసుపత్రి"యే. కులస్త్రీలు రావాలంటే వాళ్ళ కులాన్ని లోపల కాపాడుతామని హామీ ఇవ్వాలి. మరి కులం లేనిదిగా చూడబడిన స్త్రీ బిడ్డతో ఎక్కడికి పోవాలి? ఆమెకు కొన్నిచోట్ల మిషనాసుపత్రి దక్కింది. 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషన్ డాక్టరు ఆనా కుగ్లర్ తొలి ఏళ్ళలో చిన్న డిస్పెన్సరీతో నెట్టుకొచ్చి, 1890ల చివరికి ఆసుపత్రి తెరిచింది. 1930లో చనిపోయేదాకా గుంటూరే ఆమె ఊరు. మతం మార్చడానికి వచ్చారన్న అనుమానం జనానికి ఉండేది, ఆ ఉద్దేశం వాళ్ళకూ ఉండేది. అయినా తల్లులు వెళ్ళారు. ఆడ డాక్టరు, ఆడ నర్సులు, బిడ్డతో పాటు తల్లి పడుకునే చోటు ఉన్నాయి గనక వెళ్ళారు. తల్లి లెక్కలు ఎప్పుడూ ఇలాంటివే. మతం కంటే, సిద్ధాంతం కంటే ఆ గదిలో తనను ఎవరు ముట్టుకుంటారు, ఎలా ముట్టుకుంటారు అన్నదే ఆమెకు ముందు కావాలి.

చదువు విషయానికొస్తే, 1979లో జాన్ కాల్డ్‌వెల్ నైజీరియాలో చేసిన పరిశీలన పెద్ద మలుపు. తల్లి చదువుకుంటే పిల్లల మరణాలు తగ్గుతాయని, అది ఇంటి ఆదాయంతో, ఆసుపత్రి దగ్గరగా ఉండటంతో మాత్రమే వచ్చే తేడా కాదని అతను చూపించాడు. చదువుకున్న కోడలు అత్తగారి మాట దాటి నిర్ణయం తీసుకోగలుగుతుందని, నర్సు ఆమెతో కాస్త మర్యాదగా మాట్లాడుతుందని అతని వివరణ. ఈ రెండో ముక్క నాకు ముఖ్యం. చదువు తల్లి బుర్రలో తెచ్చే మార్పు ఎంతో, ఎదుటివాడి నోటిలో తెచ్చే మార్పూ అంతే.

కానీ చదువు ఒక్కటే సరిపోయిన కాలం ఎప్పుడూ లేదు. 1890లలో అమెరికాలో డాక్టర్ల పిల్లలు కూడా మిగతావాళ్ళ పిల్లలతో ఇంచుమించు సమానంగానే చచ్చిపోయారని ప్రెస్టన్, హేన్స్ అనే పరిశోధకులు జనాభా లెక్కల్లోంచి తేల్చారు. క్రిముల గురించిన జ్ఞానం, శుభ్రమైన నీళ్ళు, మంచి పాలు ఇంటింటికీ చేరకముందు ఎంత తెలిసినవాడికైనా బిడ్డను దక్కించుకునే దారి లేదు. మన భండారు అచ్చమాంబను తలుచుకోండి. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసిన మనిషి, ఊళ్ళు తిరిగి స్త్రీ సమాజాలు పెట్టిన మనిషి. ఆమె పిల్లలిద్దరూ పసితనంలోనే పోయారు. ఆమె కంటే చదువుకున్న తెలుగు తల్లి ఆనాడు ఎంతమంది ఉంటారు? "చదువులేక పిల్లల్ని చంపుకుంటున్నారు" అనే వాక్యం ఆమె ముందు ఎలా నిలబడుతుంది?

స్వాతంత్ర్యం వచ్చాక సర్కారు తల్లి గడప దాకా వచ్చింది. 1946 నాటి భోర్ కమిటీ నివేదిక కలగన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు 1950లలో మొదలయ్యాయి. హైదరాబాదులో 1953లో నిలోఫర్ ఆసుపత్రి తెరుచుకుంది. తన పరిచారిక కాన్పులో చనిపోవడం యువరాణి నిలోఫర్‌ను కదిలించిందని చెబుతారు. ఒక సేవకురాలి చావు ఒక ఆసుపత్రిగా మారడం అరుదైన సంగతి. ఈరోజుకీ పాలమూరు నుంచి, మెదక్ నుంచి, కర్ణాటక సరిహద్దు ఊళ్ళ నుంచి బిడ్డను పట్టుకుని బస్సెక్కే తల్లికి హైదరాబాదులో తెలిసిన అడ్రసు అదొక్కటే.

అయితే ఊళ్ళోకి వచ్చిన సర్కారు చేతిలో రెండు సంచులుండేవి. ఒకదాంట్లో బిడ్డకు టీకా. రెండోదాంట్లో తల్లికి ఆపరేషన్ టార్గెట్. ఇద్దర్నీ మోసుకొచ్చింది ఒకే ఎ.ఎన్.ఎం. అమ్మ. ఎమర్జెన్సీ రోజుల్లో మగవాళ్ళ వేసక్టమీ కోసం జరిగిన బలవంతాల గురించి పుస్తకాలు నిండుగా ఉన్నాయి. అది పోయాక ఆ బరువంతా ఆడవాళ్ళ మీద పడటం గురించి పెద్దగా గొడవ జరగలేదు. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో నూటికి 60 మందికి పైగా ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్ళు. చాలామందికి పాతికేళ్ళు నిండకుండానే. సర్కారు జనాభా విజయంగా చెప్పుకున్న అంకె ఇది.

ఇప్పుడు అదే సర్వేలో ఇంకో అంకె చూడండి. అన్ని టీకాలూ పూర్తిగా పడిన పిల్లలు 1998-99లో నూటికి 59 మంది ఉంటే, 2005-06లో 46కి పడిపోయారు. ఐటీ నగరమని, విజన్ 2020 అని మన రాష్ట్రం పేరు ప్రపంచమంతా మోగిన ఆ ఏడేళ్ళలోనే! పల్స్ పోలియో ఆదివారాల మీద సిబ్బంది శక్తంతా పోయి మామూలు టీకాల బుధవారం బలహీనపడిందని కొందరు వివరించారు. కారణాలు ఇంకా ఉండొచ్చు. నన్ను పట్టుకున్నది మాత్రం ఈ రెండు అంకెల పక్కపక్క కూర్చోవడం. ఇద్దరు చాలు, ఉన్నవాళ్ళను మేం కాపాడతాం అని తల్లికి చెప్పి ఆమె గర్భసంచి దారి మూసేశారు. తర్వాత ఆ ఇద్దరికీ ఇవ్వాల్సిన టీకా మాత్రం సగం మందికి పైగా పిల్లలకు పూర్తిగా అందలేదు. 2019-21 సర్వే నాటికి ఆంధ్రలో 70 దాటింది, తెలంగాణలో 80 దగ్గరికి వచ్చింది. సంతోషమే. కానీ మధ్యలో గడిచిన ఆ ఏళ్ళ పిల్లలకు తల్లుల అజ్ఞానం ఉన్నట్టుండి పెరిగిందని ఎవరైనా అనగలరా?

పోలియో చుక్కలు వేయిస్తే పిల్లలు పుట్టరనే పుకారు ఎక్కడెక్కడో లేచినప్పుడు మనం నవ్వుకున్నాం. టీకా సంచీ, ఆపరేషన్ సంచీ ఒకే చేతిలో చూసిన ఊళ్ళలో ఆ పుకారు ఎందుకు పుట్టిందో ఆలోచించడానికి నవ్వు అడ్డొచ్చింది. అయినా చివరికి ఆ చుక్కలు వేయించింది తల్లులే. 2011 జనవరి తర్వాత మన దేశంలో సహజ పోలియో వైరస్ సోకిన కేసు లేదు.

తల్లిని నమ్మితే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. నీళ్ళ విరేచనాలకు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు తాగిస్తే చాలని 1968లో ఢాకాలో తేలింది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల బనగావ్ శిబిరంలో కలరా మీదపడినప్పుడు, సెలైన్ అయిపోయిన చోట డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఆ నీళ్ళు కలిపించి, రోగుల బంధువుల చేతే తాగించాడు. చావులు ఒక్కసారిగా తగ్గాయి. తర్వాత 1980 నుంచి పదేళ్ళపాటు బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ కార్యకర్తలు కోటీ 20 లక్షలకు పైగా ఇళ్ళకు వెళ్ళి తల్లులకు నేర్పారు. మూడు వేళ్ళ చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్ళు. ప్యాకెట్ లేదు, చెంచా లేదు. కొలత ఆమె చేతిలోనే ఉంది. నేర్పిన కార్యకర్తకు జీతం ఎంతో తెలుసా? కొన్నాళ్ళ తర్వాత వెళ్ళి అడిగితే తల్లులకు ఎంత గుర్తుందో దాన్ని బట్టి. తల్లికి గుర్తులేకపోతే తప్పు నేర్పినవాళ్ళది! ఈ ఒక్క నిబంధనలో ఎంత ప్రజాస్వామ్యం ఉందో మన ఆరోగ్యశాఖలో ఎవరైనా గమనించారో లేదో.

మన దగ్గర అదే జ్ఞానం ప్యాకెట్‌గా వచ్చి అటకెక్కింది. 2005-06లో విరేచనాలు పట్టిన పిల్లల్లో ఓ.ఆర్.ఎస్. అందినవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 26 మంది. మిగతావాళ్ళకు సెలైన్, సూది, రంగు మందు. తల్లి సూదికే అలవాటుపడిందని డాక్టర్లు విసుక్కుంటారు. సూది వేస్తేనే వైద్యమని ఆమెకు చెప్పిందెవరు? మా అమ్మమ్మ తరానికి వస కొమ్ము, ఉగ్గు గిన్నె, వాము నీళ్ళు తెలుసు. వస అరగదీసి నాలుక మీద రాస్తే పిల్లకు మాటలు బాగా వస్తాయనేవారు. "వస పోసిన పిట్ట" అన్న మాట అక్కడిదే. ఆ వైద్యంలో మేలూ ఉంది, కీడూ ఉంది. ఫిట్స్ వచ్చిన పసిబిడ్డకు కడుపు మీద వాతలు పెట్టడం ఘోరం, దాన్ని సంస్కృతి పేరుతో వెనకేసుకొచ్చేవాళ్ళతో నాకు పని లేదు. కానీ విరేచనాలకు గంజిలో ఉప్పేసి తాగించిన ముసలమ్మ ఓ.ఆర్.ఎస్.కు ఎంత దగ్గరగా వచ్చిందో! ఆమె నోరు నొక్కేసి, ఆ స్థానంలో ఆర్.ఎం.పి. సిరంజి పెట్టాం.

ఆర్.ఎం.పి. దగ్గరికే ఎందుకు పోతుంది అని అడిగేవాళ్ళు ఒక తొలకరి వారం పల్లెలో ఉండి చూడాలి. నాట్లు వేసే రోజులు. ప్రభుత్వ దవాఖానా ఓపీ పొద్దుటి పూట, కూలి కూడా పొద్దుటి పూటే. ఆర్.ఎం.పి. రాత్రి ఎనిమిదికి ఉంటాడు. అప్పు పెట్టుకుంటాడు. పంట వచ్చాక తీసుకుంటాడు. "ఏమ్మా, పిల్లోడు పాలు తాగుతున్నాడా?" అని అడుగుతాడు. వాడకు వస్తాడు. మాదిగవాడకు సైకిలు మీద వచ్చేవాడు ఆర్.ఎం.పి., ఊరి మొదట్లో అరుగు మీద కూర్చుని పిల్లల్ని అక్కడికే తెమ్మనేది సర్కారు మనిషి. అతను అనవసరంగా యాంటీబయోటిక్ ఇస్తాడు, స్టెరాయిడ్ ఇస్తాడు, కొన్నిసార్లు ప్రాణం మీదికి తెస్తాడు. ఆమెకు అది తెలియదనుకోవడం పొరపాటు. ఉన్నవాటిలో ఎంచుకుంది.

తర్వాత 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. గుండెకు చిల్లు పడిన బిడ్డకు లక్షల ఆపరేషన్ కార్పొరేట్ ఆసుపత్రిలో ఉచితం. ఆ పథకంతో బతికిన పిల్లలున్నారు, ఆ తల్లుల కృతజ్ఞతను తక్కువ చేయలేం. కానీ పిల్లల్ని ఎక్కువగా తీసుకుపోయేది గుండె చిల్లు కాదు. నెలలు నిండని కాన్పు, న్యుమోనియా, విరేచనాలు. అంత పెద్ద పథకం పట్టించుకోని ఈ జబ్బులకు తల్లి గాజులు కుదవపెడుతూనే ఉంది. తెలంగాణకు ఆనుకుని, సిరొంచ వైపు తెలుగు మాట్లాడే జనమున్న గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి, ఇంట్లోనే పసికందులకు న్యుమోనియా గుర్తించి మందిచ్చేలా చేశారు. ఆ ఊళ్ళలో నెలలోపు పిల్లల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రిక అచ్చువేసింది. గోదావరి ఇవతల మనకు అది చేరడానికి చాలా ఏళ్ళు పట్టింది.

తల్లిని అసలు అడగకుండానే ఆమె బిడ్డ ఒంటి మీద నిర్ణయం జరిగిపోతే? అదీ మన నేల మీదే జరిగింది. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి హెచ్.పి.వి. టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే టీకా అది. పాత్ అనే అమెరికా సంస్థ, ఐ.సి.ఎం.ఆర్., రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. పిల్లల్లో చాలామంది ఆదివాసీలు, దళితులు. ఎంతోమంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉన్నారు. నలుగురు పిల్లలు చనిపోయాక మహిళా సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు ఆ ఊళ్ళకు వెళ్ళి ప్రశ్నించారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. చావులకూ టీకాకూ సంబంధం లేదని విచారణ సంఘం తేల్చింది. టీకా కూడా మంచిదే, క్యాన్సర్‌ను అది బాగా అడ్డుకుంటుందని నేడు గట్టి రుజువులున్నాయి. కానీ 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక ఎత్తిచూపిన సంగతి వేరు. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు. ఇంకో 1,948 మీద వేలిముద్రలు.

ఆ సంతకాల గురించి ఆలోచిస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తల్లి ఆలస్యం చేయలేదు, వద్దనలేదు, దాచలేదు. ఆమె దగ్గరికి ఎవరూ రాలేదు. పిల్లను చదువు కోసం వార్డెన్ చేతిలో పెట్టి గూడేనికి తిరిగి వెళ్ళిన ఆ కోయ తల్లికి పిల్ల చేతికి సూది పడిన సంగతి సెలవులకు ఇంటికొచ్చాక తెలిసి ఉంటుంది. ఆ తర్వాత గూడేనికి ఏ టీకా వచ్చినా ఆమె వెనకాడితే, ఏదో ఒక సర్వేలో అది "అవగాహనా లోపం" గడిలో పడుతుంది.

1991లో హైదరాబాదులో స్త్రీలు కలిసి 'సవాలక్ష సందేహాలు' అనే పుస్తకం తెచ్చినప్పుడు మన ఒళ్ళు మనకు తెలియాలన్న పట్టుదల ఉండేది. ఆ పుస్తకం పేరే నాకు ఇష్టం. సందేహపడే హక్కు ఆడదానికుందని దాని అట్ట మీదే ఉంది.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా వచ్చింది. ఊరి కోడలే, ఎక్కువమంది పేద కులాలవాళ్ళే. రాత్రి బిడ్డకు ఎగశ్వాస వస్తే తలుపు కొట్టగలిగిన మనిషి తల్లికి మొదటిసారి దొరికింది. ఆసుపత్రిలో "ఇప్పుడా తెచ్చేది?" అన్నప్పుడు పక్కన నిలబడి జవాబు చెప్పే మనిషి. సర్కారు మాత్రం ఆమెను ఉద్యోగి అనలేదు, వాలంటీర్ అంది. ఇంతమందిని తీసుకొస్తే ఇంత అని లెక్కగట్టింది. 2015లో తెలంగాణలో ఆశాలు నెలల తరబడి సమ్మె చేశారు. ఇప్పటికీ కనీస వేతనం కోసం టెంట్ల కింద కూర్చుంటూనే ఉన్నారు, చాలామంది చంటిపిల్లల్ని ఒళ్ళో వేసుకుని. ఆ పిల్లల్లో ఎవరికి జ్వరమొచ్చినా, ఆ రోజు సర్వే ఉంటే ఆమె వీధి చివరి ఇంటి పిల్లను ముందు పి.హెచ్.సి.కి తీసుకెళ్తుంది. తన పిల్లను ఆర్.ఎం.పి. దగ్గర కూర్చోబెట్టమని అత్తగారికి చెప్పి.